కాలువ మలుపు దగ్గర బ్రేకు

రేసు ఆడుతున్న మనిషి నడిరోడ్డు మీద బ్రేకు వేశాడు.

వెనక బెంచీ మీద వంతు కోసం కూర్చున్న కాలేజీ కుర్రాళ్లు గొల్లున నవ్వారు.

"ఏమప్పా, డీజిల్ అయిపాయెనా?"

ఆయన నవ్వలేదు. స్టీరింగు వదిలేసి తెరవైపే చూస్తూ ఉండిపోయాడు. నెరిసిన మీసం, ఖాకీ చొక్కా.

కౌంటరు వెనకున్న మోహన్‌కృష్ణ మాత్రం చటుక్కున లేచాడు. ఇన్నాళ్లూ వాడు కాచుకుని కూర్చున్నది ఈ బ్రేకు కోసమే.

బళ్ళారిలో రేసింగ్ ఆటల షాపు నడిపే మోహన్‌కు ఒక పగ ఉంది.

నిరుడు వానాకాలంలో వాళ్ల అన్న తిరుమలేష్ బైకును కురుగోడు రోడ్డులో, కాలువ మలుపు దగ్గర, ఒక లారీ గుద్దేసి ఆగకుండా పోయింది. అన్న బతికాడు గానీ మోకాలి కింద కాలు పోయింది. లారీ దొరకలేదు. పోలీసులు కొన్నాళ్లు వెతికి ఊరుకున్నారు.

"వాళ్లు ఊరుకుంటే నేను ఊరుకుంటానా?" అన్నాడు మోహన్.

కురుగోడు రోడ్డునంతా ఫొటోలు తీసి ఆటలోకి దించాడు. మొదట అది పిల్లలు గీసిన బొమ్మలా ఉంది. అప్పుడు ఆటను అసలులా చూపించే గ్రాఫిక్స్ మోడ్‌లు ఒకదాని మీద ఒకటి ఎక్కించాడు. తడిసిన తారు మీద లైట్లు మెరిశాయి. అద్దం మీద చినుకులు జారాయి. వరిమళ్ల మీద ముసురు కమ్ముకుంది. చూసినవాళ్లకు ఒళ్లు తడిసినట్టే ఉండేది.

తర్వాత షాపు ముందు బోర్డు కట్టాడు: లారీ డ్రైవర్లకు ఆట ఉచితం.

ఎర వేయందే చేప పడుతుందా?

డ్రైవర్లు చాలామందే వచ్చారు. అందరూ ఆ మలుపును రయ్యిమని దాటేశారు. అక్కడ చెట్టు లేదు, రాయి లేదు, ఏ గుర్తూ లేదు. ఆ చోటు తెలిసేది గుద్దినవాడికే కదా అని మోహన్ లెక్క.

ఇవాళ ఒకడు ఆగాడు.

"పేరేందప్పా?" అడిగాడు మోహన్, గొంతు మామూలుగా పెట్టి.

"దురుగప్ప. సిరిగేరి రైసుమిల్లు లారీ తోల్తా."

"ఈడ యాల ఆపితివి?"

"ఈ వాన... అచ్చం ఆ దినం మాదిరే ఉండాది తమ్మా."

"ఏ దినం?"

"చాలప్పా. ఇంగ నాతో కాదు." దురుగప్ప లేవబోయాడు.

మోహన్ అడ్డం నిలబడ్డాడు.

"నిరుడు ఆ మలుపులో ఒకడు రక్తంలో పడుండె. చూసినావా?"

దురుగప్ప తల దించుకున్నాడు. "చూసినా."

"వాడు మా అన్న!"

దురుగప్ప ముఖం ఒక్కసారిగా వెలిగింది.

"బతికినాడా తమ్మా?"

మోహన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. హత్య కేసు తప్పిందని ఎంత సంబరం వీడికి!

"కాలు తీసేసి కులాసాలు అడుగుతావా?"

"గుద్దింది నేను కాదు తమ్మా, నేను..."

చెంప చెళ్లుమంది. కుర్రాళ్లు ఫోన్లు ఎత్తారు. అన్ని ఫోన్లు చూసి దురుగప్ప నోరు మూసుకున్నాడు. తువ్వాలుతో ముఖం కప్పుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

"మా అన్న కాలు తీసిన లారీ డ్రైవర్" అని పేరు పెట్టి, కుర్రాళ్లు తీసిన వీడియోను మోహన్ వదిలాడు. అది ఊరూరూ తిరిగింది. మిల్లు యజమాని లారీ తాళాలు లాక్కున్నాడు. కురుగోడు బస్టాండులో జనం దురుగప్పను పట్టుకుని చొక్కా చింపారు. చివరికి ఆయన పెళ్లాంబిడ్డల్ని వెంటబెట్టుకుని ఎటో వెళ్లిపోయాడు. ఎవరు చేసినా ఆయన ఫోను పలకలేదు.

మోహన్‌కు కడుపు చల్లబడింది.

"నీ పగ తీర్చినా అన్నా!"

తిరుమలేష్ చంకకర్ర గోడకు ఆనించి తమ్ముడి వంక చూశాడు. "వాడు ఒప్పుకున్యాడా?"

"ఒప్పుకునేదేముండాది? ఆడ ఉంటినని వాని నోటితోనే చెప్పె."

అన్న చంకకర్ర అందుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే షాపుకు కృపమణి వచ్చింది. తిరుమలేష్‌ను చేర్చిన ఆస్పత్రిలో నర్సు. చేతిలో ఫోను, ఫోనులో ఆ వీడియో.

"ఇది పెట్టింది నువ్వేనా?"

"నేనే సిస్టర్! పోలీసోళ్ల చేత కానిది చేసినా."

కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు.

"ఈయన యాడ ఉండాడిప్పుడు?"

"ఎవరికి తెల్సు? ఊరిడిచి పారిపాయె. తప్పు చేసినోడు నిలబడతాడా?"

కృపమణి కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపమో, దుఃఖమో మోహన్‌కు అర్థం కాలేదు.

"గుద్దినోడెవరని ఆ దినం ఆస్పత్రిలో కనపడిన ప్రతి మనిషినీ అడిగితిరి. తెచ్చినోడెవరని మీ ఇంట్లో ఒక్కరన్నా అడిగితిరా?"

మోహన్ చూపు ఆమె చేతిలోని ఫోను మీదికి పోయింది.

"కేసు మెడకు చుట్టుకుంటాదని అందరూ బండ్లు పక్కకు తిప్పుకోని పోతాంటే, మీ అన్నను ఎత్తుకోని లారీలో పండబెట్టి తెచ్చి, రక్తం కూడా ఇచ్చి, పేరన్నా చెప్పకుండా పోయిన మనిషప్పా ఈయన."