నీటిమట్టం నిలకడగా ఉంది

“చూశారా మేడమ్, ఇవాళ కూడా టంచనుగా వచ్చేసింది!” ఇంజనీరు కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి మురిసిపోయాడు. “ఎగువన నీటిమట్టం నిలకడగా ఉందట. మీ తమ్ముడు బుద్ధిమంతుడైపోయాడండీ.”

ఆనకట్ట ఆఫీసులో కంప్యూటర్ల పని చూసే అక్క నవ్వలేదు. మోకాళ్ళు దాటి వేలాడుతున్న రెయిన్‌కోటు విప్పి మేకుకు తగిలించింది. దాన్నుంచి కారిన నీళ్ళు నేల మీద మడుగు కట్టాయి.

“ఆ కోటు అతనిదేగా? వీపు మీద మన డిపార్టుమెంటు ముద్ర ఉంది.”

“వచ్చినప్పుడు ఇంట్లో వదిలేశాడు సార్.”

“అయ్యో, ఈ వానలో కోటు లేకుండా కొండ మీద ఏం అవస్థలు పడుతున్నాడో!”

తమ్ముడి ఉద్యోగం ఆ కొండ మీదే, నది జలాశయంలోకి దిగే చోట. రోజూ పొద్దున్నే కొలబద్ద చూసి నీటిమట్టం ఒక ఫైల్లో రాయాలి, ఆ ఫైలును కింది ఆఫీసుకు పంపాలి. రాయడం వరకూ బాగానే ఉండేది. పంపడం దగ్గరే దొరగారికి మతిమరుపు. ఆఫీసు నుంచి వాడికి మెమో వచ్చాక అక్కే పూనుకుని, అక్కడి యూనిక్స్ కంప్యూటర్లో దానంతటదే నడిచే చిన్న షెల్ స్క్రిప్టు రాసి పెట్టింది. పొద్దున్నే అది ఫోల్డర్లో ఏ ఫైలుంటే దాన్నే తీసుకుంటుంది, ఆ రోజు తేదీ వేస్తుంది, రేడియో లింకు మీద పంపేస్తుంది. చేరినట్టు జవాబు రాకపోతే, వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ పంపుతుంది. తమ్ముడికి లేని శ్రద్ధంతా దానికుంది.

వానలకు కొండకు ఫోన్లు పోయాయి, దారి కొట్టుకుపోయింది. అక్కడి కంప్యూటర్ గది కప్పు మీది సోలార్ పలక పుణ్యమా అని ఫైలు మాత్రం ఒక్క రోజు కూడా తప్పలేదు.

“సార్, గేట్లు ఎత్తేద్దాం,” అంది అక్క.

“మళ్ళీ మొదలెట్టారా! ఎత్తితే దిగువ పొలాలన్నీ మునుగుతాయి.”

“ఎత్తకపోతే కట్టే తెగుతుందేమో సార్. కింద పేటల నిండా జనం ఉన్నారు.”

“నీరు పెరిగితే కదమ్మా తెగడానికి! ఫైలు చూశారుగా.”

“ఇంత వాన పడుతుంటే పెరక్కుండా ఎలా ఉంటుంది?”

“పైన తగ్గిందేమో. కొండ మీదున్నది మీరా, మీ తమ్ముడా?”

అంతలో గేట్ల కాపలాదారు తడిసి ముద్దయి లోపలికొచ్చాడు.

“అయ్యా, చెట్లు వేళ్ళతో సహా కొట్టుకొస్తున్నాయి. నీళ్ళ రంగు కూడా మారిపోయింది. నాకెందుకో గుండె దడగా ఉంది.”

ఇంజనీరు ముఖంలో నవ్వు పోయింది. అక్క వైపు తిరిగాడు.

“మేడమ్, సూటిగా అడుగుతున్నా. మీ తమ్ముడు అంకె తప్పు రాశాడంటారా? ఆ మాట అనండి, ఈ క్షణమే గేట్లు ఎత్తిస్తాను. కానీ ఈసారి మెమోతో పోదు. ఉద్యోగం ఊడుతుంది, జైలుకు కూడా పోవాల్సి రావచ్చు.”

కిటికీ అద్దాలు సన్నగా వణుకుతున్నాయి. అమ్మ పోయాక అక్క తన చేతులతో అన్నం పెట్టి పెంచుకున్న తమ్ముడు వాడు. మెమో వచ్చిన రోజు వాడికన్నా తనే ఎక్కువ ఏడ్చింది.

“లేదు సార్. ఆ అంకె వాడు చూసే రాశాడు.”

“మరింకేం! పేటలంటే గుర్తొచ్చింది, మీ ఇల్లూ అక్కడే కదూ? ఒక్కరే ఉంటారు, మీరేమో ఇక్కడున్నారు. ఎందుకండీ ఇంత కంగారు?”

కాపలాదారు తల విదిలించుకుంటూ మళ్ళీ వానలోకి వెళ్ళిపోయాడు. అతని వెనకే అక్క వరండాలోకి వచ్చింది. కాళ్ళ కింద నేల కూడా అదురుతున్నట్టుంది. అబద్ధమైతే ఆడలేదు. తన ఇంటికే ఫోన్ చేసింది.

చాలాసేపు మోగాక అవతల ఎవరో ఎత్తి, ఆవులించారు.

“ఏంటక్కా, ఫైలు దానంతటదే వెళ్తుందన్నావుగా?”