నాలుగు కలేడియం ఆకులు

విజయశ్రీ ఉప్పల్ నుంచి కూరగాయలు తెచ్చేసరికి కలేడియం మొక్కకి నాలుగాకులు లేవు. కత్తిపీటతో తెగ్గోసినట్టు కాడలు మాత్రం నిలబడి ఉన్నాయి.

నాచారంలోని ఆ ఇంట్లో, వంటింటికీ ప్రహరీకీ మధ్య ఎండ పడని జానెడు చోటులో బతికి బట్టకట్టింది అదొక్కటే. చేమాకు ఆకారం, పచ్చటి అంచు, మధ్యలో గులాబీ, తెలుపు మచ్చలు. ఆకులు పోయాయన్న దిగులు తర్వాత. ఆ ఆకు నోట్లో పెడితే నాలుక వాచి మాట పడిపోతుందని పక్కింటి ఐలమ్మ ముందే చెప్పింది.

"అత్తయ్యా, ఆ ఆకులు మీరు కోశారా?"

మొన్ననే కాకినాడ నుంచి వచ్చిన కౌసల్యమ్మ తలూపింది.

"తిన్నారా?"

కౌసల్యమ్మ పెదాల మీద వేలు పెట్టుకుంది. రెండు చేతులూ అడ్డంగా ఊపింది. తర్వాత గేటు వైపు చూపించింది.

అత్తగారు అడిగిన దానికి నోరు విప్పకపోవడం విజయశ్రీ పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి చూడటం. గొంతు పడిపోయింది, ఆస్పత్రికి తీసుకెళ్ళమంటోంది. విజయశ్రీ ప్రహరీ మీంచి ఐలమ్మని పిలిచింది.

"నేను జెప్పలే?" అంది ఐలమ్మ, అంత ఆపదలోనూ కాస్త తృప్తిగా. ఆటో ఉపేందర్‌ని కేకేసింది.

దారిపొడవునా ట్రాఫిక్. కౌసల్యమ్మ వేలితో గాలిలో ఏదో రాయడం మొదలుపెట్టింది. వీలునామా కాబోలనుకుని విజయశ్రీ ఆ చేతిని గట్టిగా పట్టేసుకుంది. ఆమె లాక్కున్నకొద్దీ, ప్రాణం కొట్టుకుంటోందని ఇంకా బిగించింది. రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి కూడా చూసింది.

డాక్టరమ్మ టార్చి వేసింది. నాలుక వాపు లేదు, గొంతు ఎర్రబడలేదు.

"ఈవిడ ఏమీ తినలేదమ్మా."

విజయశ్రీ కుర్చీలో కూలబడి, అప్పుడు వదిలింది అత్తగారి చేతిని. ఆ చేత్తో కౌసల్యమ్మ డాక్టరమ్మ పెన్ను లాక్కుని చీటీ వెనక గబగబా రాసింది.

"గురువారం. నువ్వటు వెళ్ళగానే మౌనవ్రతం పట్టాను. ఉపవాసం కూడా. నేనెందుకు తింటాను? ఇంట్లో కూరలేదని, చేమాకులు కోసి పప్పు చేసి మావాడికి క్యారేజీ కట్టి పంపాను."

ఫోను మోగింది. చర్లపల్లి ఆఫీసు నుంచి భర్త తేజేష్.

"ఏమండీ, భోజనం చేశారా?"

అవతల ఊపిరి పీలుస్తున్న చప్పుడు వినిపిస్తోంది, మాట మాత్రం రావడం లేదు.