ఎడమది అయింది

"అమ్మా, ఆ ముసలాయన ఇంకా గేటు దగ్గరే నిలబడ్డాడు చూడు," అన్నాడు తాలాయ్, చేతిలో ఎర్రరంగు కుంచెతో.

వాకిట్లో కారు ముందు చక్రాలు రెండూ ఊడి ఉన్నాయి. చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు క్యాలిపర్లను విప్పి, వాటికి రంగు పూస్తున్నాడు. మధ్యాహ్నం కనుమ దాటి నరీన్ ఊరికి వెళ్ళాలి, పెళ్ళికూతుర్ని తేవాలి.

"బామ్మర్దులు ముందు చక్రాలే చూస్తారమ్మా," అని పొద్దుటినుంచీ ఒకటే సరదా.

తల్లి సైరకాన్‌కు నవ్వు రావడం లేదు. తాలాయ్‌కి ఆరేళ్ళప్పుడు ఆ కనుమే అతని తండ్రిని పొట్టన పెట్టుకుంది.

"లోపలికి రా అన్నా," అని పిలిచిందామె.

అతను వచ్చాడు. తెల్ల ఉన్నిటోపీ, నలిగిన కోటు. ఆమె ముందు నిలబడి తల వంచుకున్నాడు.

"అమ్మా, నేను..."

మాట అక్కడే ఆగింది. అతని చూపు కారు మీద పడింది. బరువైన క్యాలిపర్ దానికి బ్రేకు నూనె తెచ్చే రబ్బరు గొట్టానికే వేలాడుతోంది.

"బాబూ, దాన్నలా వదిలేశావేం? తీగతో పైకి కట్టాలి గదా!" వంగి గొట్టాన్ని వేళ్ళతో వంచి చూశాడు. "లోపల చీలింది. కనుమ దిగేటప్పుడు తెగుతుంది. రెండో వైపుదీ అంతే. కొత్తవి నే తెచ్చి వేస్తాను."

తాలాయ్ పకపకా నవ్వాడు. "అదా సంగతి! ఏ కొట్టువాడు పంపాడు తాతా నిన్ను?"

"అమ్మడానికి రాలేదు బాబూ."

"మరి నా పెళ్ళికి కానుకా?"

తాలాయ్ తల్లికి కనుసైగ చేశాడు. ఉండమనే అతిథికి అక్కడ టీ సగం గిన్నే పోస్తారు; నిండా పోస్తే ఇక వెళ్ళమని. సైరకాన్ అంచుదాకా పోసింది.

అతనికి అర్థమైంది. నిలబడే తాగాడు. దీవించినట్టు రెండు చేతులతో ముఖం తడుముకుని వెళ్ళిపోయాడు.

తాలాయ్ క్షవరానికి వెళ్ళగానే మళ్ళీ వచ్చాడు. చేతిలో రెండు కొత్త గొట్టాలు, ఒక బ్రేకాయిల్ డబ్బా.

"అమ్మా, మీరు కారులో కూర్చుని పెడలు తొక్కితే చాలు."

"మావాడు చూస్తే ఊరుకోడన్నా."

"కనుమ అంతకన్నా ఊరుకోదమ్మా."

ఆ మాటతో ఆమె ఎక్కి కూర్చుంది. అతను క్యాలిపర్లు రెండూ బిగించి, ఎడమ వైపు గొట్టం మార్చి, అందులో గాలి తీయడానికి కారు కిందికి దూరాడు.

"తొక్కి పట్టండి... ఆ, వదలండి... మళ్ళీ."

గేటు ధడాలున తెరుచుకుంది.

"దొంగ వెధవా!"

తాలాయ్ అతని కాళ్ళు పట్టి బయటికి లాగాడు. కాలరు పట్టుకుని గేటుదాకా ఈడ్చాడు. ముసలాయన పెదవి చిట్లింది. చెయ్యెత్తలేదు.

"ఎడమది అయింది," అన్నాడు రొప్పుతూ. "కుడిది మార్చకుండా కనుమ ఎక్కకు బాబూ."

మోకాళ్ళ నొప్పితో సైరకాన్ కారు దిగి వచ్చేసరికి గేటు మూసేశాడు కొడుకు. గబగబా చక్రాలు బిగించాడు.

ఆమె కారుకి అడ్డంగా నిలబడింది.

"ఒక్కసారి, ఇక్కడే, నీ బలంకొద్దీ తొక్కి చూపించు."

"టైమైపోతోందమ్మా!"

"నన్ను తొక్కుకుంటూ వెళ్ళు, లేకపోతే బ్రేకు తొక్కు."

పళ్ళు కొరుకుతూ స్టార్ట్ చేశాడు. తొక్కాడు. ఏమీ కాలేదు.

"చూశావా?"

"ఇంకా గట్టిగా."

ఒంటి బరువంతా వేసి తొక్కాడు. టప్‌మని చప్పుడు. పెడలు నేలకంటింది. కుడి చక్రం వెనకనుంచి ఎర్రరంగు మీదుగా నూనె ధారగా కారింది.

తాలాయ్ దిగి ఆ నూనెకేసి వంగి చూశాడు.

"పరుగెత్తరా," అంది సైరకాన్. "కాళ్ళమీద పడైనా తీసుకురా. పెళ్ళిలో మీ నాన్న కూర్చోవాల్సిన చోట ఆయన్ని కూర్చోబెడతాను!"

అరగంటకు ఒంటరిగా తిరిగొచ్చాడు. "ఆయనెక్కిన బస్సు వెళ్ళిపోయిందమ్మా. పేరైనా అడగలేదు."

ప్రయాణానికి దీవెన ఇవ్వడానికి వచ్చిన మసీదు పెద్ద అసంకుల్ అంతా విన్నాడు. గడ్డం నిమురుకుంటూ సైరకాన్ వైపు తిరిగాడు.

"నిన్న నన్నే అడిగాడు మీ ఇల్లెక్కడని. నిన్ను ఒక్కమాట అడగాలనే ఇంతదూరం వచ్చాడట. అడిగాడా?"

"లేదే. ఏం మాట?"

"మన్నించమని," అన్నాడు అసంకుల్. "పందొమ్మిదేళ్ళ కింద, కనుమ మలుపులో బ్రేకు పడక మీ ఆయన మీదికి వచ్చిన లారీని తోలింది అతనే తల్లీ."