వంటగది పేరుతో ఇంకొకటి

పొద్దున కరెంటు పోయి వచ్చినప్పటి నుంచి పొయ్యి సుభాషిణి మాట వినడం లేదు. ఇంట్లో వస్తువులన్నీ నెట్‌వర్కులో తమ పేర్లు చెప్పుకుంటాయి. గోడ తెర మీది జాబితాలో "వంటగది" అన్న పేరు ఉంది. పిలిస్తే మాత్రం పొయ్యి వెలగదు.

మెకానిక్ మస్తాన్ వచ్చి చాలాసేపు చూశాడు.

"ఈ పేరుతో పలికేది మీ పొయ్యి కాదమ్మా. ఒకే పేరుతో రెండుంటే, ముందు లేచిందానికి ఆ పేరే ఉంటుంది, వెనక లేచిందానికి పేరు పక్కన రెండు అనే అంకె పడుతుంది. ఆ రెండో నంబరుది తెర మీద కనపడకుండా ఎవరో దాచిపెట్టారు. ఇవాళ కరెంటు రాగానే అదే ముందు లేచింది. మీ పొయ్యి రెండోదై దాక్కుంది."

"ఇన్నాళ్లూ దాక్కున్నది ఏం చేస్తుంది?"

"వినడం తప్ప ఇంకేం చెయ్యట్లేదమ్మా."

ఉద్యోగానికి దరఖాస్తు పెట్టానని సుభాషిణి పోయిన వారం ఇక్కడే నిలబడి ఫోన్లో చెల్లెలికి చెప్పింది. ఆ సాయంత్రమే భర్త శ్రీపతి దాని గురించి నిలదీశాడు. చెల్లెలే ఆయనకు చేరవేసిందనుకుని, అప్పటి నుంచి ఆమె చెల్లెలి ఫోన్ ఎత్తడం మానేసింది.

"ఆపెయ్యి మస్తాన్," అంది.

అతను ఆపి నిమిషం కాలేదు, ఆఫీసు నుంచి శ్రీపతి ఫోన్ చేశాడు.

"ఇంట్లో మళ్లీ కరెంటు పోయిందా?"

సుభాషిణి తలెత్తి, తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది.

"లేదండీ. ఎందుకడిగారు?"