గవర్నరు తమ్ముడి పెట్టె

అమ్మమ్మ దగ్గరకు జరుగు జెమీమా, మీ అమ్మ సంగతి చెబుతాను.

మీ అమ్మ నైట్ డ్యూటీ చేసిన వృద్ధాశ్రమం ఒకప్పటి బంగళా. ఆ ఇంటి పెద్దకొడుకు, ఉత్తరం రాసి పిలిపిస్తానని తమ్ముడికి మాటిచ్చి ఓడెక్కాడు. అమెరికాలో యుద్ధం చేశాడు, గవర్నరయ్యాడు, తనకు తోబుట్టువులే లేరని చెప్పుకున్నాడు. పాపం, తమ్ముడు పెట్టె సర్దుకుని చచ్చేదాకా ఎదురుచూశాడు.

మొన్న రాత్రి అక్కడ ఖాళీ గదిలో, సాయానికి పిలిచే బెల్లు మోగింది. చీకట్లోంచి, "అన్న ఉత్తరం వచ్చిందా?" అన్నారెవరో. మతిమరుపు ముసలివాళ్లకు రోజూ చెప్పినట్టే మీ అమ్మ, "గ్రాండ్, అంతా బాగానే ఉంది, రేపొస్తుంది అంకుల్, పడుకోండి" అనేసింది. లైటు వేస్తే మంచం మీద పాత పెట్టె ఒక్కటే ఉంది.

మీ అమ్మ ఆ పని మానేసింది. నిన్న రాత్రి అదే పెట్టె మన గుమ్మం ముందుంది. బయటినుంచి మెల్లగా, "నువ్వూ మా అన్నలాగేనా, తల్లీ?" అని వినబడింది.

ఇది గుర్తుంచుకుని నీ పిల్లలకు చెప్పు. ఉండు, మన తలుపు బెల్లు మోగుతోంది. నువ్వు లేవకు.