నున్నటి ముఖం

తప్పులుంటే మన్నించండి. మా ఇంటాయన పోయిన తర్వాత మనవరాలి పలక మీద నేర్చుకున్న అక్షరాలివి. ఒత్తులు ఒక్కోసారి జారిపోతాయి. ఈ కాస్త రాయడానికే మధ్యాహ్నమంతా పట్టింది.

"పిల్ల మాకు వద్దు" అంటూ వెంకటనర్సమ్మ చాప మీద నుంచి లేచింది.

పోలీసు చర్య జరిగిన మరుసటేడు, సూర్యాపేటలో సక్కుబాయి ఇంట్లో పెళ్ళిచూపులు. వెంకటనర్సమ్మ పెన్‌పహాడ్ నుంచి కచ్చరం బండి కట్టించుకుని, కొడుకు ముత్తయ్య కోసం పిల్లను చూడవచ్చింది. పిల్ల పేరు సుక్కమ్మ. సక్కుబాయి ఆడబిడ్డ చంద్రమ్మ కూతురు. తలుపు పక్కన తల వంచుకుని కూర్చుంది.

"ఏం లోపం కనిపించిందండీ వదినగారూ?" సక్కుబాయి అడ్డం వచ్చి నిలబడింది.

"లోపమని కాదమ్మ. మొఖం మరీ నున్నగుంది."

"నున్నగా ఉంటే వద్దంటారా ఎవరైనా?"

"మేమంటం."

చంద్రమ్మ సక్కుబాయిని వంటింట్లోకి లాగింది. "ఆమెకు తెలిసిపోయింది వదినె. ఎత్తిపొడుస్తున్నది."

"ఎలా తెలుస్తుంది? బియ్యప్పిండి తడిపి గుంటలన్నీ పూడ్చాను. పైన పౌడరు అద్దాను. మా కోదాడలో ఎంతమందిని చేశాను ఇలా! ఒక్క మచ్చ కనిపించిందేమో చెప్పు."

సుక్కమ్మ ముఖం నిండా అమ్మవారి మచ్చలు. ఇంతకుముందు వచ్చిన పట్నం వాళ్ళు మంచినీళ్ళయినా ముట్టకుండా లేచిపోయారు.

"ఇది గూడ తప్పితే మిర్యాలగూడల గా రెండో పెండ్లాయనకే ఇస్తనంటున్నడు దీని నాయిన. ఆయన బిడ్డే దీనికన్న పెద్దది" అని చంద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

మాటలు బయటికి వినిపిస్తూనే ఉన్నాయి. సుక్కమ్మ లేచింది. నేరుగా పెరట్లోకి వెళ్ళి, గోలెంలో నీళ్ళు ముంచి ముఖాన కొట్టుకుంది. పిండి తెల్లగా కారి రవికె తడిసింది. తుడుచుకోకుండానే వచ్చి వెంకటనర్సమ్మ ముందు నిలబడింది.

"సుక్కా! పిచ్చి లేసిందా నీకు?" చంద్రమ్మ అరిచింది.

"సూడు పెద్దమ్మ. ఇదీ నా మొఖం. గా పిండిని సూసి కాదు, నన్ను సూసి వద్దను. ఇగ పో."

గడప దాటబోతున్న వెంకటనర్సమ్మ ఆగింది. పిల్ల గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పింది. బొటనవేలితో బుగ్గలు తడిమింది. నుదురు తడిమింది.

"ఎప్పుడొచ్చింది బిడ్డా అమ్మవారు?"

"సిన్నప్పుడే. పాలపండ్లు ఊడేటప్పుడు."

"అయితే ఇగ మళ్ళ రాదు." వెంకటనర్సమ్మ వెనక్కి వచ్చి చాప మీద కూర్చుంది. "చంద్రమ్మా, కుంకుమ తే. పిల్లకు బొట్టు పెడత."

సక్కుబాయి నోరు తెరిచింది. "అదేమిటండీ? నున్నటి ముఖం వద్దని ఈ ముఖం కావాలంటారా?"

"నా పెద్దకొడుకులకు అద్దమసొంటి మొఖాలోళ్ళనే ఏరి తెచ్చిన. ఆ ఇద్దరు కోడండ్లను ఒక్క ఎండకాలంలనే అమ్మవారు తీస్కపోయింది. నాకు సక్కదనం ఎందుకమ్మా, మా ఇంట్ల నిలిచే పిల్ల గావాలె."

ఇట్లు,
సుక్కమ్మ, వయసు డెబ్బై ఒకటి. పెన్‌పహాడ్‌లో వెంకటనర్సమ్మ ఇంట్లోనే ఉంటున్నాను.