టార్చికి బొట్టు

"నీ టార్చి కూడా పూజలో పెడతన్నానురా," అంది శేషారత్నం ఫోనులో. "ఆయుధ పూజ కదా. కత్తిపీట, కుట్టుమిషను, నీ స్క్రూడ్రైవర్లు, అన్నిటికీ బొట్లెట్టేశాను. అదొక్కటే మిగిలింది."

ఊరికి ఉత్తరపు చివరున్న ఆల్బనీ ఆఫీసులో, మీటింగు మధ్యలో, రవిచంద్ర కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, అది ముట్టుకోకు. అమ్మా!"

ఆవిడ అప్పటికే ఫోను పెట్టేసింది. పూజకి కూర్చుందంటే ఇక ఫోనెత్తదు.

అది టార్చి కాదు. సిగరెట్టులా పొగ పీల్చే వేప్. జానెడు లేని ఇత్తడి గొట్టం. లోపల బ్యాటరీ, పైన వేడెక్కే తీగ చుట్టిన కాయిల్, అడుగున బటన్. పొరపాటు జరిగితే కరెంటు ఆపడానికి అందులో ఏ చిప్పూ లేదు. ఆర్నెల్ల క్రితం గరాజ్‌లో అమ్మ కంటపడినప్పుడు టార్చి అని నోటికొచ్చిన అబద్ధం ఆడేశాడు. ఆవిడ "ఓహో" అని ఊరుకుంది.

తలనొప్పని చెప్పి బస్సెక్కాడు. సిటీలో దిగి రైలెక్కి, ఊరికి దక్షిణపు చివర టకానినిలోని ఇల్లు చేరేసరికి గంటన్నర పైనే పడుతుంది. ఈలోగా చెయ్యగలిగిందల్లా తను చేసిన తప్పులు లెక్కపెట్టుకోవడమే.

నిన్న, ఆదివారం సాయంత్రం, క్రికెట్ చూస్తూ కాయిల్ చుట్టాడు. ఏడు చుట్లు వెయ్యాల్సినవాడు నాలుగుతో ఆపేశాడు. చుట్లు తగ్గినకొద్దీ బ్యాటరీ మీద భారం పెరుగుతుంది, మితిమీరితే పేలుతుంది. మీటరు పెట్టి కొలవలేదు. షార్టు కాకుండా బ్యాటరీకుండే ప్లాస్టిక్ తొడుగు ఒకచోట చిరిగింది. చూశాడు. రేపు మారుద్దాంలే అని అదే దూర్చేశాడు. బటన్ లాక్ తిప్పాడో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

టార్చి అనుకున్న మనిషి దాన్ని పళ్ళెంలో ఎలా పెడుతుంది? నిలబెడుతుంది. నిలబెడితే ఆ బరువుకే అడుగు బటన్ నొక్కుకుంటుంది. ఎదురుగా ఆవిడ కళ్ళు మూసుకుని కూర్చుని ఉంటుంది.

బ్యాటరీ పేలిందంటే నేరుగా ఆవిడ మొహానికే.

అసలీ పొగరు ఎక్కణ్నుంచి వచ్చింది? మొదట్లో ఒళ్ళు దగ్గర పెట్టుకునే ఉండేవాడు. ఆదివారం చుట్టి, సోమవారం ఆఫీసు నుంచి వచ్చాక కొలిచి, అప్పుడు నోట పెట్టుకునేవాడు. ఒక్కసారీ తప్పు రాలేదు. పాలకొండలో కాలిన మోటార్లకి తీగ చుట్టే వైండింగ్ షాపు నడిపిన రామలింగేశ్వరరావు కొడుకు చెయ్యి మరి, అని మురిసిపోయాడు. పోయిన నాన్న ఆ షాపులో మోటార్లు విప్పుతూ కూర్చోవడం, అమ్మ మధ్యాహ్నం కేరేజీ తెచ్చి దీపాలు పెట్టే వేళ దాకా అక్కడే ఉండిపోవడం అతనికి గుర్తే. రక్తంలో ఉన్న విద్యకి మీటరెందుకని దాన్ని డ్రాయర్లో పడేశాడు.

రైలు ప్రతి స్టేషన్లోనూ తీరిగ్గా ఆగుతోంది. ఇంటికి పన్నెండోసారి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. పక్కింటి క్రిష్ణవతి ఆంటీకి చేశాడు. ఫిజీ నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగావిడ.

"నేను మనురేవాలో డ్యూటీలో ఉన్నాను బేటా. ఏమైంది?"

ఏమీ లేదన్నాడు. ఎమర్జెన్సీ నంబరు 111కి చెయ్యబోయి ఆగాడు. ఏమని చెప్పాలి? మా అమ్మ టార్చికి బొట్టు పెడుతోందనా? సిగ్గుపడి ఫోను జేబులో పెట్టుకున్నాడు. రెండు స్టేషన్లు దాటాక, ఆ సిగ్గు తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

టకానినిలో దిగి పరుగెత్తాడు. ఎక్కడో ఫైరింజను కూత. వీధి మలుపు తిరిగేసరికి వాళ్ళ వంటింటి కిటికీలోంచి తెల్లగా పొగ వస్తోంది.

"అమ్మా!"

తలుపు తోసుకుని లోపలికి పడ్డాడు.

ఇల్లంతా సాంబ్రాణి వాసన. శేషారత్నం పీట మీద కూర్చుని ఉంది. పళ్ళెంలో కత్తులకీ స్క్రూడ్రైవర్లకీ మధ్య ఇత్తడి గొట్టం కుంకుమ బొట్టుతో నిటారుగా నిలబడి ఉంది.

"ఏటిరా అలా వగర్చేస్తన్నావు? ఉద్యోగం గానీ పోయిందేటి?"

అతను గొట్టం లాక్కుని మర విప్పాడు.

లోపల బ్యాటరీ లేదు.

అది పళ్ళెం పక్కన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంది, కొత్త తొడుగుతో. దానికీ ఓ బొట్టు. రవిచంద్ర గొట్టం పైమూత తీశాడు. నాలుగు చుట్లు ఉండాల్సిన చోట ఏడున్నాయి, ఒకదాన్నొకటి ఆనుకుని, వెంట్రుకవాసి తేడా లేకుండా.

"అమ్మా, ఇది నేను చుట్టింది కాదు."

శేషారత్నం హారతి పళ్ళెం అతని ముందుకు జరిపింది.

"పాలకొండలో మోటార్లు చుట్టిందీ నేనే, ఈ ఆర్నెల్లుగా నువ్వు ఆఫీసుకెళ్ళాక నీ టార్చి చుడతన్నదీ నేనే."